కాశీ రాజు ఇచ్చిన బావి

ఏ ఊరి చరిత్ర చేతికొచ్చినా కోటలూ గుళ్లూ తర్వాత. ఆ ఊరివాళ్లు నీళ్లెక్కడ తోడుకున్నారన్నదే ముందు చూస్తాను. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని స్టోక్ రో అనే చిన్న ఊరి విషయంలో వెతుక్కునే పనే లేదు. అక్కడ పేరున్న కట్టడమే బావి. తవ్వించింది కాశీ మహారాజు ఈశ్వరీ ప్రసాద్ నారాయణ్ సింగ్.

ఊరు చిల్టర్న్ కొండల మీద ఉంది. వానలకు కొదవ లేదు గానీ అడుగున ఉన్నది సుద్దరాయి. కురిసిన నీరు కురిసినట్టే ఇంకిపోతుంది. అప్పట్లో బంకమట్టి గుంటల్లో నిలిచిన మురికినీళ్లే అక్కడివాళ్లకు దిక్కు. పక్కనున్న ఇప్స్‌డెన్ మనిషి ఎడ్వర్డ్ ఆండర్డన్ రీడ్ మన దేశంలో దొరగా పనిచేశాడు. 1831లో ఆజంగఢ్ వైపు ఒక బావి తవ్వించాడు. ఇంట్లో మిగిలిన కాసిని నీళ్లూ తాగేశాడని ఓ తల్లి కొడుకును కొట్టిందని, తన ప్రాంతపు కష్టం కాశీ రాజుకు చెప్పాడట. రాజు అది మరిచిపోలేదు.

1864 మే 24న, విక్టోరియా రాణి పుట్టినరోజున, బావిని ప్రారంభించారు. ఖర్చు 353 పౌండ్ల పైచిలుకు. అప్పట్లో నీళ్లు ఉచితం. నిర్వహణకు పక్కనే చెర్రీ తోట వేశారు, పళ్లమ్మిన డబ్బు బావికి. దానం చేసి చేతులు దులుపుకోకుండా రేపటి సంగతీ చూడటం నాకు నచ్చింది.

చూడటానికి వచ్చినవాళ్లు బావి మీది గుమ్మటాన్నీ, దాని కింద నీళ్లు తోడే యంత్రం మీదున్న బంగారు రంగు ఏనుగునూ ఫోటో తీసుకుంటారు. అసలు పనితనం కిందుంది. లోతు 368 అడుగులు, వెడల్పు నాలుగే అడుగులు. లండన్ సెయింట్ పాల్స్ చర్చి ఎత్తు 365. అంతా చేత్తో తవ్విందే. నాలుగడుగుల్లో పార ఆడించడానికే చోటు చాలదు. దిగేకొద్దీ గాలి ఆడదు, పైనుంచి గులకరాయి జారినా ప్రాణం మీదికొస్తుంది. తవ్విన ప్రతి తట్టా అంత పైకీ చేరాలి. తర్వాత నీళ్లు తోడేవాళ్లకూ తేలికేం కాదు. ఒక్క బొక్కెన పైకి రావడానికి దాదాపు పది నిమిషాలు పట్టేది.

గుమ్మటం అంచున రాజు పేరుంది. ఉండాల్సిందే. లోపలికి దిగినవాళ్ల పేర్లూ అంతే పెద్ద అక్షరాల్లో ఉండాలంటాను.

పిల్లల్ని చూడ్డానికి ఇంగ్లండ్‌లో రీడింగ్ అనే ఊరి దాకా వెళ్లే మనవాళ్లు ఇంకాస్త ముందుకెళ్లి ఈ బావి చూసి రండి. ఏనుగుకు ఒక్క ఫోటో చాలు.