పిల్లల మాటల భాండాగారం: గుణదోష విచారణ

రసాయన శాస్త్రంలో ఒకరు చేసిన ప్రయోగాన్ని మరొకరు తిరిగి చేసి చూడవచ్చు. కాని రెండేళ్ల పిల్ల నిన్న పలికినట్లే నేడు మరల పలకదు. అందుచేత మనస్తత్వ శాస్త్రంలోను, వాక్చికిత్సలోను వ్రాసి ఉంచిన సంభాషణే సాక్ష్యం. ఆ కాగితాలు పరిశోధకుని బీరువాలోనే ఉన్నంత కాలం ఆయన చెప్పినదే ప్రమాణం; సరిచూచే అవకాశం ఇతరులకు ఉండదు.

ఈ లోపాన్ని తీర్చడానికి 1984లో బ్రయన్ మాక్‌విన్నీ, కాథరిన్ స్నో అమెరికాలో 'చైల్డెస్' అనే భాండాగారాన్ని స్థాపించినారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో రోజర్ బ్రౌన్ 1962 నుండి ఆడమ్, ఈవ్, సారా అనే మారుపేర్లు గల ముగ్గురు పిల్లలను గూర్చి సేకరించిన సంభాషణలు కూడ ఇందులో చేరినవి. నేడిది 'టాక్‌బ్యాంక్' అనే పెద్ద సంస్థలో భాగమై, ఇంటర్నెట్ ద్వారా పరిశోధకులకు ఉచితంగా లభిస్తున్నది. వాడుకున్నవారు సేకరించినవారి పేరు విధిగా పేర్కొనవలెను.

దీని ముఖ్య గుణం అందరికీ ఒకే వ్రాతపద్ధతి ఉండటం. ప్రతి పంక్తి మొదట నక్షత్రపు గుర్తు, దాని ప్రక్క మాట్లాడినవారి సంకేతం ఉంటవి. అర్థంకాని మాట వచ్చినచోట ఊహించి పూరించరాదు. మూడు ఎక్స్ అక్షరాలు వ్రాయవలెను. 'నాకు తెలియలేదు' అని నిజాయితీగా ఒప్పుకొనే ఈ నియమం మన విద్యార్థుల ప్రయోగ పుస్తకాలకు కూడ ఆదర్శం. పద్ధతి ఒకటే కనుక, లెక్కలు కట్టే యంత్రానికి అన్ని దేశాల సంభాషణలూ ఒకే తీరుగా అందుతవి.

అయితే వ్రాత వేరు, పలుకు వేరు. మన ఇంటి పిల్లవాడు 'పాలు ఇత్తావా?' అన్నాడనుకుందాము. వ్రాసేవారు అలవాటుకొద్దీ 'ఇస్తావా' అని సరిదిద్దితే, వాక్చికిత్సకునికి కావలసిన ఉచ్చారణ దోషమే మాయమైపోతుంది. పలికిన రూపాన్నీ, ఉద్దేశించిన రూపాన్నీ రెంటినీ చూపే ఏర్పాటు ఈ పద్ధతిలో ఉన్నది. కాని దానిని వాడే ఓపిక వ్రాసేవారికి ఉండవలెను. అసలు ధ్వనిముద్రణ కూడ భద్రపరచనిదే ఈ భయం తీరదు.

రెండవ చిక్కు లెక్కలో ఉన్నది. ఒక్కొక్క పలుకులో సగటున ఎన్ని పదాలున్నవో చూచి పిల్లల భాషాభివృద్ధిని అంచనా వేస్తారు. తెలుగులో 'ఇస్తావా' ఒక్కటే పదం. కాని అందులో క్రియ, కాలం, పురుష, ప్రశ్న నాలుగూ ఉన్నవి. అదే భావానికి ఇంగ్లీషులో మూడు పదాలు కావలెను. ఇంగ్లీషు పిల్లల కొలతను ఆలోచించక మన పిల్లలకు పెడితే, చక్కగా మాట్లాడే పిల్లకు కూడ వెనుకబడినదనే ముద్ర పడవచ్చు. పదాలకు బదులు వాటిలోని అర్థవంతమైన భాగాలను లెక్కించడం మేలు. అప్పుడు కూడ ఆ విభజన సూత్రాన్ని ముందుగా వ్రాసి ఉంచవలెను.

మూడవది గోప్యత. మెదడు దెబ్బతిని మాట తడబడేవారి సంభాషణలను ఈ సంస్థ 2007 నుండి సేకరిస్తున్నది; వాటిని సంకేతపదం పొందిన పరిశోధకులకే అందిస్తున్నది. ఇది న్యాయమే. శాస్త్రానికి తన మాట ఇచ్చినవాడు తన మర్యాదను కూడ ధారపోయలేదు గదా!

మొత్తం మీద ఈ భాండాగారం గొప్పతనం దానిలోని రాశిలో లేదు. తన తప్పును మరొకరు పట్టుకొనే వీలు కల్పించడమే దాని గొప్పతనం. ఆ వీలు నిలవడం మాత్రం వ్రాసేవారి శ్రద్ధపై ఆధారపడి ఉన్నది.