దగ్గరికి రానిచ్చే మైకు

మేడ్చల్, శామీర్‌పేట వైపు ఇంట్లోనే చిన్న స్టూడియో పెట్టుకున్న కుర్రాళ్లు ఫోన్ చేస్తే, ఎక్కువగా అడిగేది ఒకటే. "అన్నా, డ్రమ్స్‌కు, గిటార్ యాంప్‌కు ఏ డైనమిక్ మైకు కొనమంటవ్?" మైకు పేరు చెప్పేముందు నేను గది గురించి అడుగుతాను. ఎక్కడుంది, పైన స్లాబా రేకులా, కిటికీ ఎటు తెరుచుకుంటుంది?

ఈ ప్రాంతంలో చప్పుడుకు కొదవ లేదు. హకీంపేట వైమానిక స్థావరం నుంచి లేచిన శిక్షణ విమానాలు, హెలికాప్టర్లు తల మీదే తిరుగుతుంటాయి. మేడ్చల్‌లో ఒకపక్క 44వ నంబరు జాతీయ రహదారి మీద లారీలు, ఇంకోపక్క నిజామాబాద్ వెళ్లే రైళ్లు. శామీర్‌పేటకు రాజీవ్ రహదారి ఉండనే ఉంది. మన గదులా, స్టూడియో కోసం కట్టినవి కావు. మేడ మీద రేకుల గది, లేదంటే తోటలో ఖాళీగా పడున్న షెడ్డు. వాన మొదలైతే పని ఆపాల్సిందే.

ఇలాంటి చోట "డైనమిక్ తీసుకో, అది బయటి చప్పుడు పట్టదు" అని అందరూ చెబుతారు. తీసుకోమనడం సరే, చెప్పే కారణమే తప్పు. ఒకే దూరంలో, ఒకే తరహా దిశలో వినే కండెన్సర్‌నూ డైనమిక్‌నూ పక్కపక్కన పెట్టి, రెండింటి స్థాయీ సమం చేసి వినండి. డ్రమ్ముకూ విమానానికీ మధ్య నిష్పత్తి రెండింటిలోనూ దాదాపు ఒకేలా ఉంటుంది. డైనమిక్ గొప్పతనం వేరే చోట ఉంది. పల్చటి పొరకు అంటించిన తీగచుట్ట అయస్కాంతం నడుమ కదిలితే కరెంటు పుడుతుంది. లోపల యాంప్లిఫయర్ లేదు, 48 వోల్టుల సరఫరా అక్కర్లేదు, ఎంత గట్టిగా కొట్టినా ఉక్కిరిబిక్కిరి అయ్యే సర్క్యూట్ లేదు. కాబట్టి స్నేర్ అంచుకు రెండంగుళాల్లో పెట్టినా, పొరపాటున కర్ర తగిలినా ఓర్చుకుంటుంది. దూరం సగానికి తగ్గిన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. అడుగు దూరంలోని మైకును 3 అంగుళాలకు జరిపితే 12 డెసిబెల్స్ లాభం. ఆకాశంలో విమానం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మనం డబ్బు పెట్టి కొనేది ఆ దగ్గరితనాన్ని.

షూర్ ఎస్‌ఎం57 అరవై ఏళ్లుగా నిలబడింది కూడా ఇందుకేనని నా నమ్మకం. 1965లో వచ్చిందది. దాని గుండెలో ఉన్న యూనిడైన్ 3ని తయారుచేసిన ఎర్నీ సీలర్‌కు శాస్త్రీయ సంగీతమంటే ప్రాణమనీ, రాక్ అంటే అసలు గిట్టదనీ ఆ సంస్థ చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. అలాంటి మనిషి పనితనం లోకంలోని గిటార్ యాంపుల ముందు స్థిరపడిపోయింది. 15 కిలోహెర్ట్జ్ దాటితే దానికి పెద్దగా వినపడదని కొందరు వంక పెడతారు. గిటార్ యాంప్‌లోని 12 అంగుళాల స్పీకరే 5 కిలోహెర్ట్జ్ దాటాక చతికిలబడుతుంది. లేని శబ్దాన్ని పట్టలేదని మైకును తప్పుపట్టి ఏం లాభం? కింది కొసన కూడా అంతే. గిటార్ లావు తీగ మోగేది 82 హెర్ట్జ్ దగ్గర. దానికి కాస్త దిగువన కోత పెడితే లారీల గుర్రు చాలావరకు పోతుంది, గిటార్‌కు నష్టం ఉండదు.

ఇక మైకు పెట్టే చోటు. స్పీకర్ నడిమి బొడిపెకు ఎదురుగా పెడితే శబ్దం పదునుగా వస్తుంది, అంచువైపు జరిపేకొద్దీ మెత్తబడుతుంది. ఒక్క అంగుళం జరిపితే వచ్చే తేడా చాలాసార్లు మైకు మార్చినా రాదు. ఇంకో బ్రాండు కొందామనుకునేముందు ఒక సాయంత్రమంతా ఈ అంగుళాలతో గడపండి.

డ్రమ్స్‌లో కిక్‌కు ఏకేజీ డీ112 లాంటిది వేరుగా ఉండాలి, టామ్‌లకు సెన్‌హైజర్ ఎండీ421 నాకిష్టం. స్నేర్‌కు 57 చాలు, దాని వీపు మాత్రం హైహ్యాట్‌కు తిప్పాలి. కార్డియాయిడ్ మైకు తక్కువగా వినేది వెనకవైపే. తాళాల మెరుపు కావాలంటే డైనమిక్‌తో కుదరదు, పైన కండెన్సర్లు వేలాడదీయాల్సిందే.

ఈ లెక్కలన్నిటికీ అసలు పరీక్ష డప్పు. ఆషాఢం దగ్గర పడుతుంటే బోనాల పాటలు కట్టేవాళ్లకు డప్పు కావాలి, అదీ మెషీన్‌లో ఉన్న డప్పు కాదు. కుడిచేతి చిర్రతో గుండె లాంటి దెబ్బ, ఎడమచేతి సిటికెన పుల్లతో చురుకైన దెబ్బ. 57కు 6 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల కొంత ఉబ్బు ఉంది. మైకును నేరుగా పుల్లకు ఎదురుగా పెడితే ఆ దెబ్బ చెవిలో గుచ్చుకుంటుంది. మైకును పక్కకు కాస్త వంచి, చర్మం నడిమికి చూసేలా పెడితే చిర్ర బరువు, పుల్ల చురుకు రెండూ కుదురుగా కూర్చుంటాయి.

అయితే డప్పు కొట్టే మనిషి నిలకడగా నిలబడడు, నిలబడమనడం అన్యాయం కూడా. ఆ అడుగులోనే దరువు ఉంది. 3 అంగుళాల దూరంలో మైకు పెడితే, అతను ఇంకో 3 అంగుళాలు వెనక్కి ఊగగానే 6 డెసిబెల్స్ పడిపోతాయి. అదే అడుగు దూరంలో ఉంటే పడేది సుమారు 2 డెసిబెల్స్. కాబట్టి ఇక్కడ దగ్గరితనాన్ని కొంత వదులుకోక తప్పదు. డప్పు గొంతు పెద్దది కాబట్టి అడుగు దూరం నుంచైనా గదిని గెలుస్తుంది. విమానం సరిగ్గా తల మీదికొస్తే మాత్రం గెలవదు. అది పోయేదాకా ఆగుదామంటే మంట మీద కాచి బిగించిన చర్మం చల్లారి శ్రుతి దిగుతుంది, వానాకాలపు తేమలో ఇంకా త్వరగా. అందుకే డప్పు రికార్డింగ్ పెట్టుకున్నామని చెప్పేవాళ్లకు నేను ముందు చెప్పేది, బయట మంట ఆరిపోకుండా ఒక మనిషిని కూర్చోబెట్టమని, రెండో డప్పు కాచి సిద్ధంగా ఉంచమని. మైకు సంగతి ఆ తర్వాత మాట్లాడుకుంటాం.