వెలుగు చూడని ఇసుక

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆగినవాళ్లంతా ముందు ఆ రంగు చూస్తారు. నేనైతే గోడలు చూడమంటాను. వాన కోసిన గండ్లలో అడుగున పసుపుపచ్చ ఇసుక, దానిమీద ఇటుక ఎరుపు, అన్నిటికన్నా పైన మళ్లీ లేత పసుపు దిబ్బలు. తూర్పు కనుమల ఖొండలైట్ రాళ్లు అరిగి వచ్చిన గింజల్లోని ఇనుము తుప్పుపట్టి, ఒక్కో గింజకూ ఎర్రటి పూతయింది.

ఈ దిబ్బల్లో మధ్య శిలాయుగపు మనుషుల సూక్ష్మ శిలా పనిముట్లు దొరికాయి. గోరంత రాతి పలుకులు. వాటిని చేత్తో పట్టుకుని వాడేవారు కాదు. కర్రకో ఎముకకో గాడి తీసి, జిగురుతో వరసగా పొదిగేవారు. ఒక పలుకు మొద్దుబారితే దాన్నే పీకి కొత్తది పెట్టుకోవచ్చు, మిగతా పనిముట్టు చెక్కుచెదరదు. ఆ ఆలోచనకే చేతులెత్తి మొక్కాలి.

వాళ్లెప్పటివాళ్లు? తమిళనాడులో తిరునల్వేలి తీరపు తేరి అనే ఇసుక దిబ్బల్లో దొరికిన ఇలాంటి పనిముట్లను పరిశోధకులు జ్యూనర్, బ్రిడ్జెట్ ఆల్చిన్ 1956లో వివరిస్తూ పాత సముద్ర మట్టాల జాడలతో వయసు కట్టారు. అప్పటికి ఇసుకనే అడిగే దారి లేదు. ఆ దారి 1985లో కెనడాలో డేవిడ్ హంట్లీ, ఆయన సహచరులు చూపారు.

సూటిగా చెప్పాలంటే ఇది చీకటి లెక్క. ఎండ తగిలిన పలుగురాయి గింజలో పాత లెక్కంతా చెరిగిపోతుంది. ఇసుక కప్పేశాక, చుట్టూ ఉన్న యురేనియం, థోరియం, పొటాషియం వెలువరించే వికిరణంలో కొంత శక్తి ఏటా ఆ గింజలో నిలవ పడుతుంది. ఆ నిలవ మొత్తాన్ని ఏడాదికి చేరే మోతాదుతో భాగిస్తే, గింజ ఎన్నేళ్లుగా చీకట్లో ఉందో తెలుస్తుంది.

చెప్పడానికి ఇంతే. పనితనమంతా గింజను ఎండ కంటపడకుండా తేవడంలో ఉంది. గోడ పైపొర చెక్కేసి, ఉక్కు గొట్టాన్ని సుత్తితో దించి, రెండు మూతులూ బిగిస్తారు. ప్రయోగశాలలో మసక ఎర్ర దీపం కిందే విప్పుతారు. రెండు చివర్ల ఇసుక వెలుగు చూసి ఉంటుంది, దాన్ని పక్కన పెడతారు. మధ్యలోని గింజల పైతోలును ఆమ్లంతో కరిగించి, కాంతి పడేసి, అవి తిరిగి విడిచే చిరువెలుగును కొలుస్తారు. తడిని కూడా విడిచిపెట్టరు. గింజల మధ్య నీళ్లుంటే వికిరణంలో కొంత అవే మింగేస్తాయి, ఆ మేరకు లెక్క సవరించాలి. ఈ ఓపిక నన్ను కదిలిస్తుంది.

ఇంత చేసినా తేలేది ఇసుక వయసే, రాతి పలుకుది కాదు. గండి అడుగున ఏరిన పలుకు ఏ పొర నుంచి జారిందో ఎవరు చెప్పగలరు? గోడలో, కదలని పొరలో, చుట్టూ ఇసుక బిగిసి ఉండగా దొరికితేనే దానికి వయసు. అందుకే మంచి పరిశోధకులు నేలమీది పలుకులు గుప్పెడు దొరికినా, గోడలో ఒక్కటి కనిపించేదాకా వెతుకుతారు.

దాదాపు 20,000 ఏళ్ల కిందట సముద్రం ఇప్పటికన్నా సుమారు 120 మీటర్లు దిగువన ఉండేది. ఆనాటి ఒడ్డు ఇప్పుడు నీళ్లలో ఉంది. మనకు చేతికందేవి ఈ గోడలే. వీటిని యంత్రంతో తవ్వితే, కోసిన చోట రాలి ఎండన పడిన గింజ వేల ఏళ్ల లెక్కను నిమిషాల్లో పోగొట్టుకుంటుంది.