గ్రహశకల వార్తలలో లోపించిన లెక్క

2025 జనవరి చివరి నుండి సుమారు నాలుగు వారాలపాటు తెలుగు పత్రికలలోను, టెలివిజన్ వార్తలలోను ‘2024 వై.ఆర్.4’ అనే గ్రహశకలం పేరు తరచుగా వినవచ్చింది. 2032 డిసెంబరు 22న అది భూమిని ఢీకొనే అవకాశం ఒక శాతం దాటిందని మొదట వార్త వచ్చింది. ఫిబ్రవరి 18 నాటికి ఆ అవకాశం 3.1 శాతం అయింది. ఆ నెల 24 నాటికి 0.004 శాతమే అని చెప్పి అంతటితో ఊరుకున్నారు. ఈ అంకెలన్నీ సరియైనవే. కాని ఒక అంకెకు, మరొక అంకెకు మధ్య ఏమి జరిగిందో చెప్పిన వ్యాసాలు బహు కొద్ది. అందుచేత సామాన్య పాఠకునికి మిగిలిన అభిప్రాయం ఒక్కటే: శాస్త్రజ్ఞులు తొందరపడి భయపెట్టి, తరువాత నాలుక కరచుకున్నారని. అటువంటిది ఏమీ జరగలేదు. శాతం పెరగడమూ, చివరకు పడిపోవడమూ ఒకే లెక్కలోని రెండు మెట్లు.

కొత్తపట్నం వంటి తీర గ్రామంలోని బడిపిల్లలకు ఈ సంగతి బోధించడం నిజానికి తేలిక. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందంటే అది చెన్నైకి, మచిలీపట్నానికి మధ్య ఎక్కడైనా తీరం దాటవచ్చునని మొదటిరోజు చెబుతారు. అంత పొడవైన తీరంలో కొత్తపట్నం వంతు ఎంత? స్వల్పమే. మరునాడు నెల్లూరుకు, బాపట్లకు మధ్య అంటారు. తీరం కుదించుకుపోయింది, ఊరు మాత్రం ఇంకా అందులోనే ఉన్నది. కనుక ఊరి వంతు పెరిగింది. పడవలు ఒడ్డుకు లాగి కట్టవలసిందే. మూడవనాడు నెల్లూరు దగ్గరే దాటుతుందని తేలితే ఆ వంతు ఒక్కసారిగా దాదాపు సున్నకు వస్తుంది. ఈ మూడురోజులలో తుఫాను మనసు మార్చుకోలేదు. దాని దారిని గురించిన జ్ఞానమే హెచ్చింది.

గ్రహశకలం విషయమూ ఇంతే. 2032లో అది ఉండగల చోట్లన్నీ కలిపి ఒక సన్నని పొడవాటి పట్టీ అనుకొని, అన్ని చోట్లకు సమాన అవకాశం ఇద్దాం. భూమి వ్యాసం 12,742 కిలోమీటర్లు. పట్టీ పొడవు సుమారు 12,74,000 కిలోమీటర్లయితే, అందులో భూమి ఆక్రమించే భాగం నూటికి ఒకటి. కొత్త కొలతలతో పట్టీ 4,20,000 కిలోమీటర్లకు కుదించుకుపోయి, భూమి ఇంకా అందులోనే ఉంటే, ఆ భాగం నూటికి మూడు అవుతుంది. మరికొన్ని కొలతలు వచ్చి పట్టీ చివర భూమిని దాటి అవతలికి జరిగితే మిగిలేది సున్న. అసలు గణితం ఇంతకంటె జటిలమైనది. పట్టీ నడుమ అవకాశం ఎక్కువ, చివరల తక్కువ. అయినా తొమ్మిదవ తరగతి విద్యార్థి ఈ భాగహారం చేయగలడు. పత్రికలో సగం పేజీ భయానక చిత్రానికి కేటాయించినచోట ఈ మూడు పంక్తుల లెక్కకు చోటు దొరకకపోవడమే విచారకరం.

పట్టీ మొదట అంత పొడవుగా ఎందుకున్నది? ఆ గ్రహశకలం 2024 డిసెంబరు 25న భూమికి చేరువగా వచ్చింది. చిలీ దేశంలోని అట్లాస్ దుర్భిణి దానిని కనుగొన్నది రెండు రోజుల తరువాత, 27న. అప్పటికే అది దూరమవుతూ, మసకబారుతూ ఉన్నది. పైగా దుర్భిణి చెప్పేది దిక్కు మాత్రమే, దూరం కాదు. రాత్రి సముద్రం మీద పడవ దీపం కనిపిస్తే అది ఏ దిక్కున ఉన్నదో ఒడ్డున నిలబడినవాడు చెప్పగలడు. ఎంత దూరాన ఉన్నదో, ఎటు పోతున్నదో వెంటనే చెప్పలేడు. కొంతసేపు చూడవలసిందే. ఇక్కడ చూసేవాని కాలికింది నేల కూడా సూర్యుని చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో పోతున్నది.

కక్ష్యను నిర్ణయించడానికి ఆరు రాశులు కావాలి. ఒక్కొక్క పరిశీలన రెండు అంకెలను ఇస్తుంది: ఆకాశంలో తూర్పు పడమరల కొలత అయిన విషువాంశ, ఉత్తర దక్షిణాల కొలత అయిన క్రాంతి. కనుక మూడు పరిశీలనలుంటే లెక్క సాగుతుంది. 1801 జనవరి 1న పియాజీ కనుగొన్న సీరిస్ నలభైయొక్క రోజుల పరిశీలన తరువాత సూర్యకాంతిలో కనుమరుగైనప్పుడు, గౌస్ ఈ విధమైన లెక్కతోనే అది ఉండవలసిన చోటు చెప్పాడు. ఆ సంవత్సరం ముగియకముందే అది తిరిగి దొరికింది. అయితే లెక్క సాగడం వేరు, సూక్ష్మంగా రావడం వేరు. కొద్ది రోజుల కొలతలలో వికలలో భాగమంత లోపమున్నా, ఎనిమిదేళ్ల తరువాతి స్థానంలో అది లక్షల కిలోమీటర్లుగా పెరుగుతుంది. పాఠశాలలలో కెప్లర్ నియమాలు మూడు వాక్యాలుగా వల్లె వేయించే ఉపాధ్యాయులు ఈ ఉదాహరణను వాడుకొని ఉంటే ఆ వాక్యాలకు ప్రాణం వచ్చేది.

గ్రహశకలాన్ని ‘ఉల్క’ అని రాయడం మరొక అలవాటు. వాతావరణంలో మండుతూ రాలేదే ఉల్క. సూర్యుని చుట్టూ తిరుగుతూ ఉన్నంతవరకు అది గ్రహశకలమే.

ఈ వార్తలలో తెలుగువారి సొంత చరిత్ర ఒక్క ముక్కయినా లేకపోవడం ఇంకొక లోపం. గ్రహశకలం స్థానాన్ని కొలిచేది స్థానాలు తెలిసిన నక్షత్రాలను ఆధారం చేసుకొని. అటువంటి నక్షత్ర స్థానాల అంతర్జాతీయ పట్టిక తయారీలో హైదరాబాదు నిజామియా వేధశాల పాలుపంచుకున్నది. దక్షిణ క్రాంతి 17 నుండి 23 అంశల వరకు గల ఆకాశ భాగాన్ని బేగంపేటలో ఫొటో ఫలకాల మీదికి ఎక్కించి, ఒక్కొక్క చుక్కనే కొలిచారు. ఆ పనిని నడిపినవారిలో టి.పి. భాస్కరన్ ముఖ్యులు. నేడు గైయా ఉపగ్రహం ఇచ్చిన పట్టికలు అంతకంటె ఎన్నో రెట్లు సూక్ష్మమైనవి. అయినా పని స్వభావం అదే.

పాత ఫలకాలకు, పాత చిత్రాలకు ఉన్న విలువ అపోఫిస్ విషయంలో తెలిసివచ్చింది. 2004 డిసెంబరులో దాని ప్రమాద సంభావ్యత 2.7 శాతం వరకు పోయింది. అంతకుముందు మార్చిలోనే తీసిన చిత్రాలలో అది పడి ఉన్నట్టు కనుగొన్నారు. పరిశీలన కాలం వెనక్కు పొడిగింపబడింది. 2029 నాటి భయం తొలగింది.

ఆ అపోఫిస్ 2029లో భూతలానికి సుమారు 32,000 కిలోమీటర్ల దూరంలో పోతుంది, మామూలు కంటికే చుక్కవలె కనిపిస్తుంది. దీనిని గురించి ఇప్పటినుండే వస్తున్న రాతలలో తేదీ ఏప్రిల్ 13 అని ఉంటున్నది. అది గ్రీనిచ్ తేదీ. అత్యంత చేరువ సమయం భారత కాలమానంలో 14వ తేదీ తెల్లవారుజామున 3 గంటల 16 నిమిషాలు. అంతకంటె పెద్ద చిక్కు ఆకాశంలోని స్థానం. భూకేంద్రం నుండి లెక్కకట్టిన పట్టికను పట్టుకొని కొత్తపట్నంలో వెదికితే, అంత చేరువలో ఉన్న వస్తువు తొమ్మిది అంశలకు పైగా పక్కకు తప్పి ఉండవచ్చు. చేయి చాచి పట్టిన పిడికిలి వెడల్పు అది. దీనినే ప్రాచీనులు లంబనం అన్నారు. చంద్రుని విషయంలో ఇది సుమారు ఒక అంశ వరకే. కాబట్టి ఏ పట్టికనైనా చూసే ఊరి అక్షాంశ రేఖాంశాలకు సరిచేసి వాడాలి. ఈ మాట చెప్పని వ్యాసం ఎంత అందంగా ఉన్నా విద్యార్థిని దారి తప్పిస్తుంది.

మరొకటి. 3.16 గంటలకు అది అట్లాంటిక్ సముద్రం మీద ఉంటుంది, కనుక ఆంధ్ర తీరంలో అప్పటికే అస్తమించి ఉంటుంది. ఇక్కడివారు చూడవలసింది అంతకు ముందటి గంటలలో, అది హిందూ మహాసముద్రం మీదుగా పడమరకు సాగుతూ ఉన్నప్పుడు. 1937 నాటి వేసవి రాజకీయ పాఠశాలతో పేరుపొందిన కొత్తపట్నంలో ఆ రాత్రి పిల్లలను సముద్రపు ఒడ్డుకు తీసుకొనిపోయే ఉపాధ్యాయుడు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి: అలలకు వీపు తిప్పి, ఒంగోలు వైపు చూడమనాలి.