‘స్వల్పకాలిక’ మను మాట: అనప పూతపై ఒక విమర్శ

తనకల్లు ప్రాంతపు మెట్టచేలలో వేరుసెనగ నడుమ సాళ్లుగా అనప వేయుట పాత అలవాటు. వాన ముందు వచ్చి జూన్‌లో విత్తినను, ఆలస్యమై ఆగస్టులో విత్తినను, నాటు అనప చలికాలము మొదటనే పూయును. సంక్రాంతి నాటికి పితికిపప్పు ఇంటికి వచ్చును. చలియే పూత తెచ్చునని పలువురి నమ్మకము. మన వ్యాసకర్తలును దానిని దిద్దకయే వ్రాయుచుందురు. నిజమునకు అనప ముఖ్యముగా లెక్కించునది రాత్రి నిడివిని. ఇచట, అనగా 14 డిగ్రీల అక్షాంశమున, ఏటిలోని మిక్కిలి పొడుగు పగటికిని మిక్కిలి పొట్టి పగటికిని భేదము సుమారు గంటా నలువది నిమిషములే. ఆ కొద్ది మార్పునే మొక్క పసిగట్టును! పొగాకున ఇట్టి గుణమును గార్నర్, అలార్డు అనువారు 1920లో వెల్లడించిరి.

బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయము వెలువరించిన హెబ్బాళ అనప-3, 4 రకములు ఏ ఋతువున విత్తినను సుమారు నెలన్నరలో పూయును. కరపత్రములు వీనికి ‘స్వల్పకాలిక’ మని ఒకే ముద్ర వేసి ఊరకుండును. నా ఆక్షేపణ ఇచటనే. ఆ ఒక్క మాట క్రింద రెండు గుణములు దాగియున్నవి. ఒకటి, పగటి నిడివిని లెక్కచేయకుండుట. రెండవది, తీగ సాగక కొన పూగుత్తితో ముగిసి పొదగా నిలుచుట. టొమాటోను చూడుడు: 1914లో ఫ్లారిడాలో కనబడిన పొట్టి మొక్క గుణము ఒక జన్యువుది, పగటి నిడివిని లెక్కచేయకుండుటకు ముఖ్య కారణము వేరొక జన్యువు. రెండును ఒకే కుటుంబమువే, పనులు మాత్రము వేరు.

రైతునకు ఇది మాటల తగవు కాదు. జూన్‌లో విత్తిన పొద రకము ఆగస్టులో పూతకు వచ్చును. అప్పుడే బెట్ట పడినచో పూత రాలును. నాటు తీగ అప్పటికింకను ఆకుతోనే వేచియుండి, వేరుసెనగ పెరికిన పిమ్మట ఖాళీ నేలపై ప్రాకును. వానలు ముందే వెనుదీసిన యేట నాటు రకమే ఎండుననుటయు నిజమే. నీరున్న తోటకు పొద రకము నిస్సందేహముగా మేలు.

మరియొక చిక్కు. నాటు గుణము బహిర్గతము, కొత్తది అంతర్గతము. తేనెటీగలు ప్రక్కచేని పుప్పొడిని కొంత తెచ్చును. అట్టి గింజ మరుసటి యేట తీగయై ఆలస్యముగా పూయగా, రైతు విత్తనమే మోసమని తలచును. సొంత విత్తనము దాచుకొనువాడు పూతవేళ చేనిలో తిరిగి, పూయక సాగు తీగలను పెరికివేయవలెనని ఆ కరపత్రములలో ఒక్క పంక్తియైన లేదు.