పగులు నడకను లెక్కగట్టేవాళ్లు

రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లో తయారయ్యే ఆవిరి టర్బైన్ లాంటి యంత్రం రోటర్ మామూలుగా ఒక్క దెబ్బకు విరగదు. ఆపి మళ్లీ నడిపిన ప్రతిసారీ వేడెక్కి చల్లారుతుంది. ఎక్కడైనా సన్నని పగులుంటే అది కాస్త సాగుతుంది. ఆ సాగుడును ముందే కంప్యూటర్‌లో లెక్కగట్టడం ఫ్రాక్చర్ విశ్లేషకుల పని.

ఓపిక కావాలి. భాగాన్ని వేల చిన్న గడుల వలగా గీస్తారు. పగులు మొన దగ్గర వల మరీ సన్నగా ఉండాలి, మొన జరిగితే మళ్లీ గీయాలి. ఆ బాధ తగ్గించే ఎక్స్‌ఫెమ్ పద్ధతి 1999లో వచ్చింది. పగులు ఎంత వేగంగా సాగుతుందో చెప్పే పారిస్ సూత్రంలో ఉక్కుకు ఘాతాంకం సుమారు 3. అంటే ఒత్తిడి ఊగిసలాట రెట్టింపైతే పగులు ఎనిమిదింతల వేగంతో సాగుతుంది! అందుకే తెర మీది రంగుల బొమ్మ చూసి మురిసిపోయేవాడు (అలాంటివాళ్లకు కొదవ లేదు) మంచి విశ్లేషకుడు కాడు. ల్యాబ్‌లో విరిచిన ముక్కతో సరిచూసుకునేవాడే పనిమంతుడు.

ఈ విద్యకు బాటలు వేసినవారిలో 1945లో పుట్టిన గుడివాడ బిడ్డ అట్లూరి సత్యనాథం ఒకరు. 2013లో పద్మభూషణ్ అందుకున్నారు.

పటాన్‌చెరు దాటితే కందిలో ఐఐటీ హైదరాబాద్ ఉంది. షాఫ్టులు, ప్రెషర్ వెసల్స్ చేసే చిన్న షెడ్ల యజమానులు ఈ పగులు లెక్కల కోసం ఓసారి ఆ గడప తొక్కాలి.