రాతి ముఖం వెనకాల

దిల్‌సుఖ్‌నగర్ బస్సుల రద్దీలో, మెట్రో నీడలో రోజూ తిరిగేవాళ్లలో మలక్‌పేట గుట్ట వైపు తలెత్తి చూసేవాళ్లు ఎందరో చెప్పలేను. ఆ గుట్ట మీదే అస్మాన్‌గఢ్ ఉంది. 'పైగా' వంశపు అమీరు సర్ అస్మాన్ జా 1885లో కట్టించిన రాతి మహలు అది. రెండేళ్లకే ఆయన నిజాం రాజ్యానికి దివాన్ అయ్యాడు. బురుజులూ కమాను కిటికీలూ చూస్తే ఐరోపా కోటలా ఉంటుంది.

కట్టించినవాడి బిరుదులన్నీ చరిత్రకెక్కాయి. ఆ రాళ్లు చెక్కిన చేతులు ఎవరివి? ఆ మహలు రాతిపని మీద ఈ పుస్తకం రాసిన చిరంజీవికి పట్టుకున్న ప్రశ్న ఇదే. కాగితాల్లో జవాబు దొరక్క, వడ్డెర పెద్దల దగ్గరికి వెళ్లి పని గురించే అడిగాడు. సుత్తి మోతను బట్టి రాయి ఎటు చీలుతుందో ఎలా పసిగడతారు, వరసగా గుంటలు తొలిచి చీలలు ఎలా దిగగొడతారు, మొండిబారిన ఉలికి కొలిమిలో పదును ఎలా పెడతారు, అన్నీ వాళ్ల మాటల్లోనే ఉన్నాయి.

గోడ గురించి రాసిన పుటలు మరీ బాగున్నాయి. పాతకాలపు రాతిగోడకు బయట కనిపించేది నున్నగా చెక్కిన ముఖం. లోపల బొంతరాయి, డంగు సున్నం. అక్కడక్కడా గోడ మందమంతా పట్టే పొడుగు రాయిని అడ్డంగా వేస్తేనే రెండూ కలిసి ఉంటాయి. ఆ రాళ్ల దగ్గర కక్కుర్తి పడితే కొన్నేళ్లకు ముఖం ఉబ్బి ఊడొస్తుంది.

ఎల్బీనగర్ కాలనీల్లో ఇళ్ల ముందు అంటించే పలుచని రాతిపలకలను మాత్రం ఇతను ఎగతాళి చేయలేదు. నాకది నచ్చింది. మిషన్ కోసినా, జిగురు పట్టుకున్నా, తూకపు గుండు వేలాడదీసి సందులు సరిచూసేది ఇప్పటికీ మేస్త్రి కన్నే కదా.

ఒక్క ఫిర్యాదు. నవాబుల వంశావళి సగానికి కోసినా పుస్తకానికి లోటు రాదు. ఆ జాగాలో రెండో ముద్రణకు ఇంకో అధ్యాయం రాయమంటాను. పక్కనే మూసారాంబాగ్‌లో, 1798లో చనిపోయిన ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి ఉంది. అక్కడి స్తంభాల మండపం 2001 వానల్లో కూలితే తిరిగి కట్టారు. ఆ పని చేసినవాళ్లలో కొందరైనా ఈ చుట్టుపక్కలే ఉండి ఉంటారు. వాళ్ల పేర్లు ఇప్పుడే అడిగి రాసుకోవాలి.